ఆగని ఆట, ఆగవలసిన గడియ

గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి మా యింట విస్తళ్లు వేసి, నా యిల్లాలు పిల్లవానిని మూడుమారులు పిలిచెను. మొదటి పిలుపునకు ‘వస్తాండా’ ననెను. రెండవ పిలుపునకు ‘రెండు నిమిషా’ లనెను. మూడవ పిలుపునకు బదులే లేకపోయెను. నేను లేచి వెళ్లి చూచితిని. పదునాలుగేండ్ల బాలుడు సెల్‌ఫోనును రెండుచేతుల నడుమ బిగించుకొని, ఱెప్పవేయక దానిలోనికి చూచుచుండెను. ఆపుమంటిని. వాడు తలయెత్తకయే, “నాయనా, ఇది మనం ఆపితే నిలిచేది కాదు. నేను లేస్తే నా జట్టులో ముగ్గురూ ఓడిపోతారు” అనెను. నేను ఆ యంత్రమును లాగికొని మీట నొక్కి ఆర్పివేసితిని. ఆ రాత్రి మా యింట నెవరును సరిగా భుజింపలేదు.

నేను వృత్తిచే న్యాయవాదిని. ప్రతివాది చెప్పునది వినక తీర్పు చెప్పరాదని ఇరువదియేండ్లుగా న్యాయస్థానములలో గొంతెత్తి వాదించుచున్నవాడను. అట్టి నేను ఆ రాత్రి నా యింట వాదిని నేనే, న్యాయాధిపతిని నేనే, తీర్పు నమలుపఱచు బంట్రోతును నేనే యైతిని. కోపము చల్లారిన పిదప వాని మాట నన్ను గ్రుచ్చసాగెను. ‘మనం ఆపితే నిలిచేది కాదు’ అనునది సాకు కాదు, సత్యము. అట్టి ఆట యొకటి లోకమున గలదని, దానిచేతిలో మన బిడ్డల సాయంకాలములు చిక్కుకొన్నవని, అది యేమియో తెలిసికొనక యే మనము దానిని తిట్టుచున్నామని నాకు తోచెను. మఱునాటినుండి కొన్నివారములు వానిప్రక్కను గూర్చుండి చూచితిని, చదివితిని, విచారించితిని. ఆ విచారణఫలమును పాఠకమహాశయులకు నివేదించుచున్నాను.

ఆటలు రెండు జాతులు. ఒకదానియందు వంతులు గలవు. నేనొక యెత్తు వేయుదును, నీవొక యెత్తు వేయుదువు. నీవు ఆలోచించుచున్నంతసేపు లోకము నీకై వేచియుండును. చదరంగ మిట్టిది. పచ్చీసు ఇట్టిది. మన గుడిమంటపముల బండలపై నెవరో చెక్కిపోయిన గీతలలో నేటికిని గులకఱాళ్లతో ఆడు పులిజూదమిట్టిది. మేకను కదపవలసినవాడు లేచివెళ్లి మంచినీళ్లు త్రాగివచ్చినను పులి అచ్చటనే యుండును. రెండవజాతియందు వంతులు లేవు. నీవు ఆలోచించుచుండగనే ఎదిరి నడచుచుండును. కాలము ఇరువురకును ఒక్కమాఱే ప్రవహించును. దీనికే ఇంగ్లీషువారు రియల్‌టైము ఆట యని పేరు పెట్టిరి. మనము కాలమాగని ఆట యందము.

ఇట్టి ఆట క్రొత్తదికాదు. చెడుగుడు కాలమాగని ఆటయే. గోటీబిళ్ల కాలమాగని ఆటయే. అయితే మన పెద్దలు ఆ యాటలలో నొక కళ్లెము నుంచిరి. చెడుగుడులో కూత ఒక్క యూపిరివఱకే, ఊపిరితీసినవాడు అవుట్టు. గోటీబిళ్ల ప్రొద్దుగ్రుంకువఱకే, బిళ్ల కనబడనిచో ఆట లేదు. కాళ్లు నొచ్చును, దాహమగును, చీకటి పడును. ఆటను ముగింపవలెనని ఎవరును చెప్పనక్కఱలేదు. దేహము చెప్పును, ఆకాశము చెప్పును. తెరమీది ఆటలో ఊపిరి లేదు, చీకటి లేదు, అలసట బొటనవ్రేలికి మాత్రమే. కాలమాగకుండుట దోషముకాదు, కళ్లెము లేకుండుటయే దోషము. ఈ వ్యాసమందు నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్కమాటలో నున్నది. తక్కినది నిరూపణము.

ఈ యాటల పుట్టుపూర్వోత్తరములు సంక్షేపముగా చెప్పెదను. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున విల్లియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, చూడవచ్చు జనులకు వినోదముగా నుండుటకై, చిన్న ఆసిల్లోస్కోపు తెరమీద టెన్నిసుబంతి ఎగురునట్లు చేసెను. 1962లో మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు రెండు వ్యోమనౌకలు పోరాడు ఆటను రచించిరి. 1972లో అటారీ సంస్థవారి పాంగు వెలువడి, ఆట యంగడికి వచ్చెను. 1992లో డ్యూన్ రెండవభాగము, 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చినవి. ఇవి కేవలము బంతి నెగురగొట్టు ఆటలు గావు; రాజ్యములు కట్టి కూలద్రోయు ఆటలు.

వీనిలో నొకదాని తీరు చెప్పినచో తక్కినవి బోధపడును. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవభాగమున సాధారణముగా ఆటగాడు ముగ్గురు గ్రామస్థులతోడను, ఒక యూరికేంద్రముతోడను ఆరంభించును. ఒకనిని అన్నమునకు పంపవలెను, ఒకనిని కఱ్ఱకు పంపవలెను; పిదప బంగారము, ఱాయి. ఇండ్లు కట్టవలెను, సేన కూర్చవలెను, గోడ లేపవలెను, శత్రు వెచట నున్నాడో వేగువానిని పంపి తెలిసికొనవలెను. ఇందేదియు వంతుప్రకారము జరుగదు. నీవు గోడ కట్టుదమా సేన కూర్తమా యని గడ్డము గోకుకొనుచుండగా ఎదుటివాని గ్రామస్థులు కఱ్ఱ కొట్టుచునేయుందురు. ఆలస్యముగా వచ్చిన మంచి నిర్ణయముకంటె సకాలమున వచ్చిన నడితరపు నిర్ణయమే గెలుచును.

ఇది విన్నప్పుడు నాకు మా మదనపల్లె టమోటామార్కెట్టు జ్ఞప్తికి వచ్చెను. తోటలో పండు రంగు తిరిగినది మొదలు రైతునకు వంతు లేదు. ఈ ఉదయపు వేలమునకు తెచ్చుటా, రేపటి ధరకై నిలుపుటా? నిలిపినచో కాయ మెత్తబడును. తెచ్చినచో రేపు ధర పెరుగవచ్చును. 2023 జూలైలో కిలో నూటయేబది రూపాయలను దాటి యెగబ్రాకినదియు ఈ పండే. రవాణాకూలి రాక రోడ్డుప్రక్కను పాఱబోసిన దినములు చూచినదియు ఈ పండే. నాలుగవ జ్వరమునుండి లేచిన పట్టుపురుగు అర్ధరాత్రియని చూడక ఆకు నడుగును. ఒక్కపూట తప్పినచో గూడు పలుచనగును. మన రైతులు పుట్టినది మొదలు ఆడుచున్నది కాలమాగని ఆటయే. కావున క్షణములో తూచి నిశ్చయించు నేర్పును చిన్నచూపు చూచుట మనకు తగదు. ఆ నేర్పు ఆటయందు కొంత యలవడునన్నచో నేను కాదనను.

ఈ యాటలలోని బుద్ధిబలము అల్పమనువారికి మఱియొక నిదర్శనము. చదరంగపు పోటీలో ప్రపంచవిజేతను యంత్రము 1997లోనే గెలిచినది. స్టార్‌క్రాఫ్టు రెండవభాగమున ఉత్తమక్రీడాకారులను గెలువ యంత్రమునకు 2019వఱకు పట్టినది. డీప్‌మైండ్ సంస్థవారి ఆల్ఫాస్టార్ ఆ పని చేసెను. ఎదిరి కనబడక, కాలమాగక, వందలకొలది పనులు ఒక్కమాఱు మీదబడు చోట బుద్ధిని నిలుపుట ఎంత కష్టమో దీనివలన తెలియును. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2019లో మాస్కోయందును, 2024లో న్యూయార్కునందును ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. అచ్చట ప్రతియాటయందును ప్రక్కను గడియారము పరుగిడుచుండును. మన తెలుగుబిడ్డకు వేగముతో కూడిన ఆలోచన పరాయి విద్యకాదు. అయితే ఒక్కమాట గమనింపుడు: ఆ గడియారము ఇరుపక్షములకును కొలిచియిచ్చిన కాలము తీరగానే ఆటను తీర్చివేయును. హంపి ప్రక్కనున్న గడియారము ఆటను ముగించుటకు నున్నది. మన బాలుని చేతిలోని యంత్రమున గడియారమే లేదు.

ఇక దోషభాగమునకు వచ్చెదను. ఈ యాటలు మొదట పెట్టెలో పెట్టి అమ్మబడెడివి. కొన్నవాడు ఎంతసేపు ఆడినను అమ్మినవానికి లాభమును లేదు, నష్టమును లేదు. నేడు మన పిల్లలు సెల్‌ఫోనున ఆడునవి పెక్కు ఉచితములు. ప్రవేశమునకు రుసుము లేదు. లోపల వేషములు, ఆయుధముల రంగులు, పందెమునకు వలె అదృష్టపు పెట్టెలు అమ్మకమునకు గలవు. కొనువాడు నూటికి కొందఱే. ఆ కొందఱు దొరకుటకు తక్కినవారందఱు గంటలతరబడి అచ్చట తిరుగుచుండవలెను. కావున పిల్లవాడు లేచిపోకుండుటయే వర్తకుని మూలధనము. నడుమ లేచినవానికి అంక తగ్గును. కొన్ని యాటలలో శిక్షగా కొంతకాలము ప్రవేశము నిషేధింపబడును. దినదినము వచ్చినవానికి బహుమానము, ఒక్కదినము తప్పినవానికి ఆ వరుస తెగును. మా వాని ‘ముగ్గురు ఓడిపోతా’ రనుమాట స్నేహధర్మము. ఆ స్నేహధర్మమునే గొళ్లెముగా చేసి తలుపునకు బిగించిన వర్తకచాతుర్యము వేఱు. బాలుని సద్గుణమే బాలుని సంకెల యైనచోట తప్పు బాలునిది కాదు.

ఎన్ని గంటలు? ఇచ్చట నేను లెక్కతోనే మాటలాడెదను. పబ్జీ యను ఆటను 2020 సెప్టెంబరు 2న తక్కిన 117 అనువర్తనములతోబాటు కేంద్రప్రభుత్వము నిషేధించెను. దేశభద్రత కారణముగా చెప్పబడెను. మఱుసటియేడు జూలై 2న అదియే వేఱుపేర, బీజీఎమ్ఐ యని, వెలువడెను. 2022 జూలైలో మరల అంగడులనుండి తొలగింపబడి, 2023 మే నెలలో మరల వచ్చెను. తిరిగివచ్చినప్పుడు కంపెనీవారు బాలరక్షణకై ఒక మితిని ప్రకటించిరి: పదునెనిమిదేండ్లలోపువారికి దినమునకు మూడుగంటలు. మూడుగంటలు! ఏడాదికి 1095 గంటలు. మన నిర్బంధవిద్యాచట్టము, 2009వది, ఆఱవతరగతినుండి ఎనిమిదవతరగతివఱకు ఏడాదికి 220 దినములు, 1000 గంటల బోధన యుండవలెనని విధించుచున్నది. అనగా ఒక వర్తకుడు ‘ఇంతకు మించి వలదు’ అని దయతో గీచిన గీత, ఒక జాతి తన బిడ్డల చదువునకై నిర్ణయించిన గంటలకంటె ఎక్కువ! ఇంతకంటె వేఱు సాక్ష్యము నాకక్కఱలేదు.

చట్టము దీనిని గూర్చి ఏమనుచున్నది? న్యాయవాదిగా ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ యాడిన వ్యవహారము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును కె. సత్యనారాయణకును నడుమ సుప్రీంకోర్టువఱకు పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లాగారు చెప్పిన తీర్పున, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆటయని, మూడుముక్కలాట వంటిది కాదని తేలినది. నాటినుండి అరువదియేండ్లకు చేరువగా మన న్యాయస్థానములు ఒక్కప్రశ్ననే తిరుగవేయుచు వచ్చినవి: ఇది నేర్పా, అదృష్టమా? 1974నాటి ఆంధ్రప్రదేశ్ జూదచట్టమును 2020లో సవరించి, ఇంటర్నెట్టున పందెము కాచి ఆడు ఆటలను రాష్ట్రప్రభుత్వము నిషేధించెను. తెలంగాణము 2017లోనే ఆ పని చేసెను. 2025 ఆగస్టులో పార్లమెంటు మఱియొక యడుగు వేసెను. ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము పొందిన ఆన్‌లైను ఆటల చట్టమునందు నేర్పా అదృష్టమా యను విచికిత్సయే లేదు. ధనము పణముగా నున్నచో నిషేధము. అట్టి ఆటను నడుపువానికి మూడేండ్లవఱకు కారాగారము, కోటి రూపాయలవఱకు జరిమానా. ఆడినవానికి శిక్ష లేదు. ఈ-క్రీడలను ప్రోత్సహించునట్టి నిబంధనలును అందే గలవు.

ధనము పణమైన జూదముచే ఇండ్లు కూలిన కక్షిదారులను నేను చూచియున్నాను. కావున ఈ చట్టపు మూలోద్దేశమును నేను స్వాగతించుచున్నాను. కాని పాఠకులారా, మన శాసనకర్తలు రెండు ప్రశ్నలే యడిగిరి. పణము ధనమా? ఆట నేర్పా? మూడవప్రశ్న అడుగలేదు: ఆటగాడు తన యిచ్చవచ్చినప్పుడు లేవగలడా? పదునాలుగేండ్ల బాలునికడ ధనము లేదు. వానికడ నున్నది కాలమొక్కటే. వాడు పణముగా నొడ్డుచున్నది ఆ కాలమునే. పోయిన రూపాయి పదియేండ్లకైనను తిరిగివచ్చును, పదునాలుగవయేడు తిరిగిరాదు. ధనము నొడ్డుట జూదమైనచో, వయస్సు నొడ్డించుట ఏమగును?

పరదేశములు ఈ మూడవప్రశ్నను అడిగినవి. అయితే జవాబు చెప్పిన తీరు మనకు పాఠము కావలెను. దక్షిణకొరియా 2011లో ఒక శాసనము చేసి, పదునాఱేండ్లలోపువారు అర్ధరాత్రినుండి ప్రాతఃకాలము ఆఱుగంటలవఱకు ఇంటర్నెట్టు ఆటలాడరాదనెను. ఆ శాసనము కంప్యూటరు నుద్దేశించి చేయబడెను. పిల్లలు సెల్‌ఫోనునకు మరలిపోయిరి. పదియేండ్లు చూచి, 2022 ఆరంభమున దానిని రద్దుపఱచిరి. చీనా 2021లో మఱింత కఠినముగా, పదునెనిమిదేండ్లలోపువారికి శుక్ర శని ఆదివారములయందును సెలవుదినములయందును రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివఱకు ఒక్కగంట మాత్రమే యనుజ్ఞ యిచ్చెను. అచ్చట వారమునకు మూడుగంటలు, ఇచ్చట దినమునకు మూడుగంటలు! అయినను ప్రతిబాలుని పేరు, ముఖము ప్రభుత్వపు పద్దులోని కెక్కించి, ఇంటింట రాత్రి ఎనిమిదిగంటలకు రాజభటుని నిలుపు పద్ధతి మనకు రుచింపదు. ఇంటిలోని దీపము నార్పు హక్కును సర్కారునకు అప్పగించినవాడు రేపు గ్రంథము మూయు హక్కును గూడ అప్పగింపవలసివచ్చును.

ఇచ్చట నాకు రెండువైపుల ప్రతివాదులు గలరు. ఒకరందురు: ‘ఈ వాదమంతయు నేల? సెల్‌ఫోను లాగికొనుడు, ఆటలన్నిటిని నిషేధింపుడు’ అని. ఆ పని నేను చేసి చూచితిని. ఫలితము ఒకరాత్రి యుపవాసము. మఱునాడు వాడు స్నేహితుని యింటికి పోయెను. మా తాతగారి కాలమున నవలలు చదువు బాలురు చెడిపోవుదురని పెద్దలు నమ్మెడివారట. నవలలు మిగిలినవి, చదివినవారును మిగిలిరి. మంచిచెడ్డల నేర్పఱచుటయే మార్గము, మంటపెట్టుట మార్గము కాదు. మఱియొకరందురు: ‘ఇది వ్యక్తిస్వాతంత్ర్యము, ఆడువాడు ఆడును, మానువాడు మానును’ అని. స్వాతంత్ర్యమనగా లేచిపోవు శక్తి. ద్వారము గడియవేసిన గదిలో కూర్చున్నవాడు స్వేచ్ఛగా కూర్చున్నాడనుట న్యాయశాస్త్రమున చెల్లదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి, 2022నుండి అమలునకు తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటవ్యసనమును చేర్చెను. ఎక్కువగా ఆడుటయే వ్యాధి యని అది చెప్పలేదు. ఆపుకొనలేకపోవుట, తక్కిన జీవితమంతయు దానివెనుక బడుట, హాని కనబడుచున్నను మానలేకపోవుట, అదియు సాధారణముగా పండ్రెండుమాసములు సాగుట వ్యాధి యని చెప్పెను. వైద్యులును మూడవప్రశ్ననే యడుగుచున్నారని గమనింపుడు.

అయినచో కర్తవ్యమేమి? నాకు తోచినవి చెప్పెదను.

మొదటిది, శాసనకర్తలు చేయవలసినది. ఇంటింటికి భటుని పంపనక్కఱలేదు; ఆటను చేయు వర్తకుని యింటికి పంపవలెను. మందుసీసామీద మోతాదు ముద్రించినట్లు, ప్రతియాటమీదను ఒక్కపోటీ సగటున నెంతసేపు పట్టునో ఆరంభమునకు ముందే తెరమీద చెప్పవలెను. బాలురు నడుమ లేచినచో అంక తగ్గింపరాదు. వాని స్థానమును యంత్రము నడుపవలెను, తక్కిన ముగ్గురును నష్టపడరాదు. ఒక పోటీ ముగియగనే తనంతతానే మఱియొకటి ఆరంభము కారాదు. దినదినము హాజరైనవానికి బహుమానమిచ్చు పద్ధతి బాలుర విషయమున రద్దుకావలెను. ఇవన్నియు సాధ్యములే, చెడుగుడులో ఊపిరి చేసిన పనిని తెరమీద నియమము చేయవలెను. అంతే.

రెండవది, తల్లిదండ్రులు చేయవలసినది. నేను నేర్చుకొన్న చిన్నయుపాయము చెప్పెదను. కాలమాగని ఆటాడు పిల్లవానితో ‘పదినిమిషములు’ అని ఒప్పందము చేసికొనరాదు; అది వానిచేత నిలువదు. ‘ఒక్క పోటీ’ యని చేసికొనవలెను. పోటీ ముగిసినతోడనే యంత్రము మన చేతికి రావలెను. విస్తళ్లు వేయుటకు అరగంట ముందు క్రొత్త పోటీ యారంభింపరాదు. ఈ నియమము పెట్టిననాటినుండి మా యింట మూడవపిలుపు అవసరము కలుగుట తగ్గినది. పూర్తిగా పోయినదనుట అసత్యము, తగ్గినది. మఱియు ఆ యాట పేరేమో, వాని జట్టులో నెవరున్నారో, నేడెవరు గెలిచిరో అడుగుచుండవలెను. బిడ్డ గెలిచిన ఆట పేరు తెలియని తండ్రి బిడ్డ ఓడిన దినమున నెట్లు ఓదార్చగలడు?

మూడవది, పఠనమందిరములు చేయవలసినది. నేను గ్రంథాలయోద్యమమున స్వచ్ఛందసేవకుడను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినప్పుడును, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టినప్పుడును, గ్రంథము జనులకడకు పోవలెనని మన పెద్దలు తలచిరి. జనులు గ్రంథముకడకు రాలేదని నిందించుచు గూర్చుండలేదు. నేడు బాలుడు ఎచ్చట నున్నాడో అచ్చటికి మనము పోవలెను. ప్రతిపఠనమందిరమున సాయంకాలము ఒకగంట, ఒక బల్ల, రెండుమూడు కంప్యూటరులు, ప్రక్కను ఒక పెద్దమనిషి. ఆట అచ్చట నలుగురి నడుమ జరుగును. ఘంట మ్రోగగనే ముగియును. ఏకాంతమున వ్యసనమైనది సభలో విద్య కాగలదు. రాజ్యములు కట్టు ఆటలాడిన బాలునికి ప్రక్కబీరువాలోని చరిత్రగ్రంథము చూపుట కష్టముకాదు, వాడే యడుగును.

నాలుగవది, మన విద్యావంతులు చేయవలసినది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నచ్చువేసినది మైక్రోసాఫ్టు. స్టార్‌క్రాఫ్టు హక్కులుగల యాక్టివిజన్ బ్లిజర్డును 2023 అక్టోబరులో సుమారు అఱువదితొమ్మిదివందలకోట్ల డాలరులకు కొన్నదియు మైక్రోసాఫ్టే. 2014నుండి ఆ సంస్థకు అధిపతి హైదరాబాదున జన్మించిన తెలుగువాడు, సత్య నాదెళ్లగారు. లోకమున రాజ్యములు కట్టు ఆటలలో రెండు పెద్దవాని తాళపుచెవులు ఒక తెలుగువాని యేలుబడిలోనికి వచ్చినవి. గర్వింపవలసినదే. కాని 2022లో ఆ యాటకు భారతరాజవంశముల భాగమును చేర్చినప్పుడు, అందు వచ్చిన కథలు బాబరుది, రాజేంద్రచోళునిది, పాలవంశపు దేవపాలునిది. మూడును గొప్పకథలే. మన గణపతిదేవుడు, మన రుద్రమదేవి, పల్నాటి వీరులు అచ్చట లేరు. దానికై సియాటిల్ నగరమువైపు చూచి నిట్టూర్చుట స్వాభిమానము గాదు. ఆటలు వ్రాయు యువకులు మన హైదరాబాదున, మా పొరుగున నున్న బెంగుళూరున వేలకొలది గలరు. పరాయివాని యాటకు కూలిచేయుటకు చాలిన బుద్ధి తన యాటను చేయుటకు చాలదా? ఆ యాటలో తెలుగుమాట వినబడవలెను. ఓరుగల్లు కోటగోడ లేవవలెను. అన్నిటికంటె ముఖ్యముగా అందొక కళ్లెముండవలెను. ‘నేటికి చాలు, రేపు రమ్ము’ అని తానే చెప్పు ఆటను మనవారు చేసినచో, అది లోకమునకు మనమిచ్చు క్రొత్త కానుక యగును.

చివరకొక్క మాట. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు మా యూరి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నిదినములు విశ్రమించిరి. ఆ విశ్రాంతిలోనే జనగణమన గీతమునకు ఇంగ్లీషు అనువాదము వ్రాసిరి. విశ్రాంతి యనిన కాలమును చంపుట కాదు. కాలము మన చేతిలో నుండుట. తన సాయంకాలమును తానే ముగింపగలవాని విశ్రాంతియే పండును. ముగింపు మఱియొకనిచేతిలో నున్నవానిది విశ్రాంతి కాదు, వెట్టి. వెట్టిని మాన్పించుటకు మన తండ్రులు ఎంత పోరాడిరో చెప్పనక్కఱలేదు. కూలి లేని వెట్టిని పొలమునుండి తఱిమివేసి, మన బిడ్డల పడకగదిలో దానిని ముద్దులతో పెంచుకొందమా?

ఆటలు నిలువవలెను, ఆడువాని యిచ్చకు లోబడి నిలువవలెను. సోదరులారా, నేటిరాత్రి మీ యింట మూడవపిలుపు పిలువవలసివచ్చినచో, కోపమునకు ముందు బిడ్డప్రక్కను ఒక్కపోటీసేపు గూర్చుండుడు. పిదప మీ శాసనసభ్యునికి ఒక యుత్తరము వ్రాయుడు. మొదటిది బిడ్డకు చేయవలసిన న్యాయము; రెండవది దేశమునకు చేయవలసిన సేవ.

— ఒక న్యాయవాది, మదనపల్లె